బెంజ్ సర్కిల్లో గిగా బిట్టు

మా ఆవిడ కాళ్లు తాళం తప్పాయని ఒకావిడ అన్నారు. ఆ మాట అన్న రోజు నుంచి మా ఇంట్లో కూరల్లో ఉప్పు కూడా తాళం తప్పింది.

మా ఆవిడది పామర్రు పక్కన పల్లె. చిన్నప్పుడు రోజూ బస్సెక్కి కూచిపూడి వెళ్లి నాట్యం నేర్చుకుంది. పెళ్లితో అది ఆగిపోయింది. ఆపింది నేను కాదని నేను వాదిస్తాను, ఆపకుండా చూసింది కూడా మీరు కాదుగా అని ఆవిడ వాదిస్తుంది. ఈ కేసు పాతికేళ్లుగా నడుస్తోంది. చివరికి నలభై ఎనిమిదో ఏట ఆవిడే తీర్పు చెప్పేసుకుని, గజ్జెలు దులిపి కట్టుకుని, నాట్యంలో డిప్లొమా పరీక్షకు దరఖాస్తు పెట్టింది. పరీక్ష కంప్యూటర్ ఎదుటే. ఇక్కడ ఈవిడ పాట పెట్టుకుని ఆడుతుంది, ఎక్కడో దూరాన ఒక మేడమ్ గారు తెర మీద చూసి మార్కులు వేస్తారు.

హాల్లో ఆడితే ఒక చెయ్యి టీవీకి, ఒక చెయ్యి నాకు తగులుతోందని తన కంప్యూటర్ని మేడమీది గదికి తరలించింది. అసలు మా రెండు కంప్యూటర్లూ హాల్లో పక్కపక్కనే, ఇంటర్నెట్ డబ్బాకి వైర్లతో కట్టేసి ఉండేవి. మొన్న వేసవి చివర ఒక పిడుగు పడింది. ఊరంతటికీ పడ్డ పిడుగు కాదది, మా ఇంటి నంబరు కనుక్కుని, గేటు తీసుకుని, వైరు పట్టుకుని లోపలికొచ్చిన పిడుగు. డబ్బా మాడింది. రెండు కంప్యూటర్ల వెనకా వైరు గుచ్చే పోర్టులు మాడాయి. మిగతావన్నీ బతికాయి. డబ్బా కొత్తది వచ్చింది గానీ పోర్టుల సంగతి మేం పట్టించుకోలేదు. గాల్లో వైఫై ఉండగా వైరెందుకులే అనుకున్నాం.

ఆ గాలే కొంప ముంచింది. మా మేడమీది గదికీ హాలుకీ మధ్యనున్న శ్లాబు వేసిన మేస్త్రి, దాన్ని ప్రకాశం బరాజు అనుకుని వేశాడు. పరీక్ష రోజున ఆ శ్లాబుని దాటలేక సిగ్నలు చస్తూ బతుకుతూ ఉంది. పాట వెళుతోంది, బొమ్మ ఆగుతోంది. మేడమ్ గారికి కనపడిందేమిటంటే, పైకెత్తిన పాదం పైనే ఉండిపోయిన మా ఆవిడ. తర్వాత ఒక్కసారిగా నాలుగు అడుగులు కలిపి వేసేసిన మా ఆవిడ.

"అమ్మా, పాట ముందు పోతోంది, కాళ్లు వెనకాల వస్తున్నాయి. తాళం నిలవటం లేదు," అన్నారు మేడమ్ గారు. "నెట్టు వల్లో మీ వల్లో నాకెలా తెలుస్తుంది? వచ్చే ఆదివారం పదింటికి ఇంకోసారి చూస్తాను. అదే ఆఖరు."

మా ఆవిడ కిందికి దిగొచ్చి గజ్జెలు విప్పి బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడ్చినా బాగుండేది.

"నా వల్లేనేమోనండీ," అంది. "నలభై ఎనిమిదేళ్ల మోకాళ్లు. నెట్టు మీద తోసేసి నన్ను నేను మోసం చేసుకుంటున్నానేమో."

పాతికేళ్ల కాపురంలో ఆవిడ తప్పు ఆవిడ ఒప్పుకోవటం అదే మొదలు. ఇల్లు కూలినా ఫరవాలేదు గానీ ఆవిడకి ఆవిడ మీద అనుమానం రాకూడదు. కేబులాయన్ని పిలిస్తే, "పైకి వైరు లాగించండి సార్, వైరులో అయితే చుక్క కూడా పోదు. మీ పోర్టులు మాడాయి కాబట్టి రెండిట్లోకీ ల్యాన్ కార్డులు కొనుక్కోండి, చవకే," అన్నాడు. అలా గురువారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం పదింటిని నెత్తి మీద పెట్టుకుని, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కాంప్లెక్సు సెల్లారులో ఉన్న కంప్యూటర్ సామాన్ల షాపులోకి దిగాను.

షాపు మొత్తం ఒక మంచం వేసేంత. అందులో ప్రపంచంలోని వైర్లన్నీ ఉన్నాయి. వాటి మధ్యలో, వెనక బైబిలు వాక్యం క్యాలెండరు, ముందు స్టీలు క్యారేజీ పెట్టుకుని, యాభై దాటిన ఒకావిడ కూర్చున్నారు. నా వంక చూడకుండానే, "ఏం కావాలి సార్?" అన్నారు.

"ల్యాన్ కార్డులండీ. రెండు. బాగా చవకవి. కానీ చవకగా పనిచెయ్యకూడదు."

ఆవిడ అప్పుడు తలెత్తారు. మూడు వస్తువులు తీసి కౌంటరు మీద పేర్చారు. ఒకటి బయట తగిలించే తోకది. రెండోది చిన్న పళ్లున్న కార్డు, కొత్త కంప్యూటర్లకి. మూడోది పొడుగు పళ్లది, ముసలి కంప్యూటర్లకి.

"తోకది తీసుకోవద్దు సార్. చెయ్యి తగిలితే వదులవుద్ది. అస్సలు ఊడకూడని పనైతే లోపల బిగించేదే మేలు. మీ కంప్యూటర్లు ఎప్పటివి?"

"మా ఆవిడది కొత్తదండీ. నాది నాతోపాటే రిటైరవ్వాల్సింది."

"అయితే అమ్మగారికి చిన్న పళ్లది, మీకు పొడుగు పళ్లది. వంద స్పీడా, వెయ్యి స్పీడా?"

ఆ తేడా అడిగాను. ఇంటర్నెట్ మనకొచ్చేదే వంద లోపు కాబట్టి వందది సరిపోతుందట. కానీ ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి బొమ్మలూ పాటలూ పంపుకుంటే వెయ్యిది పది రెట్లు పరిగెడుతుందట. ఇంతా చేసి రెండింటికీ ధరలో తేడా ఒక ప్లేటు పునుగులంత. పునుగులకి కక్కుర్తిపడి మా ఆవిడ పాదాన్ని మళ్లీ గాల్లో నిలబెట్టలేను. రెండూ వెయ్యివే ఇమ్మన్నాను.

చిన్న పళ్లదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. బిస్కెట్టంత ఉంది. దాని మధ్యలో నా చిటికెన వేలి గోరంత నల్లటి చిప్పు. ఆ గోరు ఒక్క క్షణంలో వంద కోట్ల సార్లు అవునూ కాదూ అని చెప్పగలదట. వంద కోట్లు! మా ఆఫీసులో ఒక్క ఫైలు మీద అవునో కాదో చెప్పటానికి నేను మూడు నెలలు తీసుకునేవాణ్ని, అది కూడా తొందరపడ్డానని పేరొచ్చింది. ఈ గోరు సంగతి నిజమేనా అని అడిగితే ఆవిడ, "ఏమో సార్, నేను లెక్కపెట్టలేదు," అన్నారు. ఎన్నేళ్ల నుంచి అమ్ముతున్నారని అడిగాను. "ఇరవయ్యేళ్ల పైనే. ఇప్పటికీ ఆ పచ్చ లైటు వెలిగినప్పుడల్లా స్తోత్రం అంటాను సార్, మనసులో." చెప్పి, ఒక కార్డుని పరీక్షించే కంప్యూటర్‌లో గుచ్చారు. వెనక పచ్చగా లైటు వెలిగింది. అది లింకు లైటట. అటు మనిషీ ఇటు మనిషీ ఒకళ్లనొకళ్లు గుర్తుపట్టారని అర్థమట. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. మా బంధువుల్లోనే అంత స్పష్టంగా గుర్తుపట్టేవాళ్లు తక్కువ.

సరిగ్గా ఆ పరవశంలో ఉండగా ఫోను మోగింది. పామర్రు నుంచి మా బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య. వరి పండిస్తారు. ఖాళీ ఉన్నప్పుడు నలుగురికీ పొలాలూ స్థలాలూ కొనిపెట్టి, దస్తావేజులు చూసిపెడుతుంటారు. ఆయన చెవికి భూమికి సంబంధించిన మాటలు తప్ప వేరేవి ఆనవు. సెల్లారులో నా ఫోనుకి ప్రాణం అంతంత మాత్రం.

"ఎక్కడున్నారు బావగారూ?"

"బెంజ్ సర్కిల్ దగ్గరండీ. ల్యాన్ కార్డు కొంటున్నా."

అటువైపు ఏదో పడిన చప్పుడు. "ల్యాండా? బెంజ్ సర్కిల్ దగ్గరా? మాకు మాటమాత్రం చెప్పకుండానా?"

"చిన్న విషయమేగా అని చెప్పలేదండీ. రెండు కొంటున్నా. ఒకటి మీ చెల్లెలికి, ఒకటి నాకు."

"చిన్న విషయమా! ఎంత బిట్టు?"

మా వైపు స్థలాన్ని బిట్టంటారు. రోడ్డు బిట్టు, మూల బిట్టు, కాలవగట్టు బిట్టు. ఆ క్షణంలో నాకు అది తట్టలేదు. కార్డు స్పీడు గురించి ఈయనకి ఎలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను.

"గిగా బిట్టండీ."

"గిగానా?" గొంతు తగ్గించారు. "అంత పెద్దదే! ఎంత చెబుతున్నారు?"

"వెయ్యి లోపేనండీ."

"గజం వెయ్యా! బెంజ్ సర్కిల్లోనా! ఎవరిది బాబూ ఆ స్థలం?"

ఈ ముక్క నాకు సగమే వినపడింది. "చైనా వాళ్లదండీ. అందుకే చవక."

"లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?"

"లింకు ఇప్పుడే చూశానండీ, పచ్చగా కళకళలాడుతోంది."

"పచ్చగా ఉంటే! పైరు చూసి మోసపోవద్దండీ బావగారూ, నేనొచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి, ఎక్కడా సంతకం పెట్టకండి!" అని పెట్టేశారు.

వారంటీ కాగితం మీద సంతకం గురించి అనుకున్నాను. చెల్లెలి మొగుడి మీద ఎంత శ్రద్ధ అని కళ్లు చెమ్మగిల్లాయి కూడా. డబ్బు ఇచ్చేసి, వైరు ఎంత పొడుగు కావాలో కొలత తెమ్మంటే సరేనని, కార్డులు జేబులో వేసుకుని ఇంటికొచ్చాను.

శుక్రవారం తెల్లారి కాఫీ ఇంకా గ్లాసులోకి దిగకముందే గేటు చప్పుడైంది. మొదటి బస్సుకి దిగారు మా బావగారు. ఇస్త్రీ చొక్కా, చంకలో దస్తావేజుల సంచీ, భుజాన ముప్ఫై మీటర్ల కొలతటేపు.

"ఏదీ, స్థలం చూపించండి."

"ఏ స్థలమండీ?"

"ఆ చైనా వాళ్ల స్థలం!"

నేను జేబులోంచి బిస్కెట్టంత కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చూశారు. నన్ను చూశారు. వాళ్ల చెల్లెల్ని చూశారు. విషయం ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. మా ఆవిడ, ఐదు రోజులుగా నవ్వని మనిషి, గోడకి చేరబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కిందికి జారిపోయేదాకా నవ్వింది.

"ఏం నవ్వులే, రాత్రి నిద్ర లేదమ్మాయ్," అన్నారాయన. "మీ ఆయన బెంజ్ సర్కిల్ సగం కొనేస్తున్నాడని మీ వదినతో కూడా చెప్పా. ఇప్పుడు నేనేం మొహం పెట్టుకుని ఇంటికెళ్లనూ?"

"చెప్పేయన్నయ్యా, కొన్నాడు గానీ జేబులో పట్టిందని."

తర్వాత విషయమంతా చెప్పాను. పరీక్ష, శ్లాబు, గాల్లో ఆగిన పాదం. ఆయన నవ్వు ఆపేసి, చెల్లెలి వంక చూసి, నెమ్మదిగా, "తాళం తప్పావన్నారా నిన్ను?" అన్నారు. ఆవిడ తల వంచుకుంది. చిన్నప్పుడు కూచిపూడి బస్సెక్కించి, సాయంత్రం దింపుకుని, చేలగట్టు మీద ఆవిడ అడుగులేసుకుంటూ నడుస్తుంటే వెనకాల పుస్తకాల సంచీ మోసింది ఆ అన్నయ్యే.

"అయితే నీది శివారు పొలం అన్నమాట," అన్నారు. "డబ్బా పెద్ద కాలవ. గది చివరన ఉంది. నీళ్లు దారిలోనే ఇంకిపోతున్నాయి. గాల్లో తోడిపోస్తే శివారుకి అందుతాయా ఎక్కడైనా? పిల్లకాలవ తవ్వాలి. ఈ కార్డు తూము. అంతేనా?"

గురువారం నాకు గంటసేపు పట్టిన విద్య అది. ఒక్క అనుమానం మాత్రం మిగిలిందాయనకి. "కింద నుంచి పైకి ఎక్కాలిగా. మోటారు అక్కర్లేదా?"

ఆ టేపుతోనే డబ్బా నుంచి కిటికీ, కిటికీ నుంచి వానగొట్టం, గొట్టం వెంబడి మేడ, మేడ నుంచి గది, అంగుళం కూడా వదలకుండా కొలిచారు. సరిహద్దు గొడవ వస్తుందన్నట్టు రెండోసారి కొలిచారు. మధ్యాహ్నం ఇద్దరం కలిసి షాపుకెళ్లాం.

షాపావిడ కొలత ప్రకారం నీలం వైరు తెంపి, కొస చీల్చారు. లోపల ఎనిమిది సన్నని తీగలు, రెండేసి చొప్పున మెలేసి నాలుగు జడలు. ఎందుకీ జడలంటే, పక్కదాని మాట తన మాటలో కలవకుండా ఉండటానికట. ఆవిడ జడలు విప్పి, వేళ్ల మధ్య సాపు చేసి, వరస తప్పకుండా పేరుస్తూ పెదవుల మీద పలుకుతున్నారు: నారింజ తెలుపు, నారింజ, పచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, పచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ఇరవయ్యేళ్లుగా అంటున్న మాటలు కదా, వాటికి ఒక నడక వచ్చేసింది. మా బావగారు తెలీకుండానే కౌంటరు మీద వేళ్లతో దరువేశారు. ఆవిడ ఆపకుండానే ఒక చిరునవ్వు నవ్వి, రెండో కొస దరువుకి తగ్గట్టు పూర్తి చేశారు. అలాంటి కచేరీ నేను విజయవాడలో ఏ సభలోనూ వినలేదు.

శనివారం పొద్దున్నే వైరు లాగాం. నా ముసలి కంప్యూటర్‌లో పొడుగు పళ్ల కార్డు మొదటిసారికే కూర్చుంది. పైన మా ఆవిడ కంప్యూటర్ విప్పాక అసలు సంగతి బయటపడింది. అది సన్నపాటి పెట్టె. కార్డుకి బిగించి ఉన్న రేకు దానికన్నా రెండంగుళాలు పొడుగు. మూత పడదు, మర బిగియదు. ఇంతసేపూ ఆవిడ కంప్యూటర్ కొత్తదా పాతదా అని చూసుకున్నానే గానీ పొడుగా పొట్టా అని చూసుకోలేదు. మనిషిని చూసి కంప్యూటర్‌ని కూడా పొడుగనుకున్నాను.

"కవర్లో ఇంకో రేకు ఉండాలి కదండీ. చిన్నది," అంది మా ఆవిడ, కార్డు కవరు మీది బొమ్మ చూసి.

ఉండేది. కవర్లోంచి పడితే అదేదో ప్యాకింగు ముక్క అనుకుని గురువారమే పక్కన పడేశాను. ముగ్గురం ఇల్లంతా వెతికాం. మంచాల కింద, చెత్తబుట్టలో, నా పాత ఫైళ్లలో. చివరికి మా బావగారు వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "ఇదా?" అన్నారు. పొట్టి రేకు ఊగే తలుపు కింద, తలుపు ఊగకుండా మడిచి దూర్చి ఉంది. దూర్చింది మా ఆవిడే. "బాగా సరిపోయిందని పెట్టానండీ," అంది, జీవితంలో రెండోసారి తప్పు ఒప్పుకుంటూ. బావగారు దాన్ని గచ్చు మీద పెట్టి, వంగిన పార తిన్నగా చేసినట్టు రాయితో రెండు దెబ్బలేసి సాపు చేశారు. బిగించాం. వైరు గుచ్చాం.

పచ్చ లైటు వెలిగింది.

ముగ్గురం గచ్చు మీద గొంతుక్కూచుని కంప్యూటర్ వీపు వైపు చూస్తున్నాం. ఆ లైటు ఆవగింజంత. ఇంట్లో కరెంటు దీపాలు ఇరవై ఉన్నాయి, ఏ ఒక్కదానినీ అలా చూడలేదు. మోటారు లేకుండా, వాలు లేకుండా, శ్లాబు చుట్టూ తిరిగి నెట్టు పైకి ఎక్కి వచ్చింది. మా బావగారు పక్క పొలానికి నీళ్లు వదిలినంత నెమ్మదిగా, "ఎక్కిందమ్మాయ్," అన్నారు. మా ఆవిడ లేచి కిందికి వెళ్లింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినపడింది.

ఆదివారం పదింటికి మా ఇద్దరినీ కింద హాల్లో కూర్చోబెట్టి, ఊపిరి కూడా గట్టిగా పీల్చొద్దని చెప్పి పైకెళ్లి తలుపు వేసుకుంది. చూసే యోగం మాకు లేదు. మాకున్నవి రెండే: ఎదురుగా ఇంటర్నెట్ డబ్బా మీద ఆవిడ వైరు గుచ్చినచోట మిణుకుమిణుకుమంటున్న లైటు, నెత్తి మీద శ్లాబు. పాట మొదలైంది. శ్లాబులోంచి పాదాలు వినపడ్డాయి. ఒక్కో అడుగుకీ ఫ్యాను రెక్క సన్నగా వణుకుతోంది. అదే అడుగు అదే క్షణంలో ఎనిమిది తీగల్లోకి దూరి, వానగొట్టం వెంబడి దిగి, మా ముందున్న ఆ చిన్న డబ్బాలోంచి దాటుకుని, మేం ఎన్నడూ చూడని ఊళ్లో ఎవరి కళ్ల ముందో పడుతోంది. అంటే మా ఆవిడ మా నెత్తి మీద ఆడుతూనే మా ముందు నుంచి వెళ్లిపోతోంది. మా బావగారు రెండు చేతులూ జోడించారు. డబ్బాకో, శ్లాబుకో నాకు తెలీదు. నేనూ జోడించాను.

నడుమ ఒక్కచోట, జతుల ఉరవడిలో, పాదం చప్పుడు ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడినట్టనిపించింది. బావగారు ఉలిక్కిపడి నా మోకాలు పట్టుకున్నారు. లైటు మాత్రం ఆగలేదు.

పాట అయింది. పైన మాటలు, ఏమిటో వినపడవు. ఎంతకీ తెమలవు. తలుపు తెరుచుకుంది. గజ్జెలతోనే మెట్లు దిగింది, మొహమంతా చెమట.

"ఏమన్నారే?" అన్నారు బావగారు.

"మూడో జతిలో ఎడమకాలు ఆలస్యమైంది, చూసుకో అమ్మా అన్నారు."

ఇంత చేసీ!

"నెట్టేమైనా..." అన్నాను.

"నెట్టు కాదండీ! నాకు తెలుసు, ఆ అడుగు వేసేటప్పుడే తెలుసు. అది నాదే. అసలు ఆలస్యమైందదొక్కటే, ఆ ఒక్కటే చూశారావిడ!" ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. "మిగతాదంతా నిలిచిందన్నారు."

"మరి పాసా?"

"ఆఁ, పాసే, పాసే," అంది, అదేదో దారిన పోయే విషయమన్నట్టు. "మీరిద్దరూ కాస్త జరగండి. టీవీ పక్కకి పెట్టండి. ఆ ఎడమకాలు ఎక్కడ తప్పిందో చూపిస్తాను."